కాదనే ముందు ఆలోచించే పోస్ట్‌ఫిక్స్

మెయిల్ సర్వర్ లాగ్ చదివే అలవాటున్నవాళ్లకు ఈ వరస చిరపరిచితం: నోక్యూ, రిజెక్ట్, ఆ పక్కన 450, 4.1.8, పంపినవారి చిరునామా, చివర 'డొమైన్ నాట్ ఫౌండ్'. ఎవరో ఒక మెయిల్ ఇవ్వబోయారు. పంపినట్టు చెప్పుకున్న డొమైన్ డీఎన్ఎస్‌లో ఎక్కడా లేదు. సర్వర్ ఆ మెయిల్‌ను క్యూలోకి కూడా రానివ్వలేదు. ఇంతే సంగతి. ఎవరూ రెండోసారి చూడని వరస ఇది. కానీ అక్కడ 550 బదులు 450 ఎందుకుంది అని ఒకసారి ఆగి ఆలోచిస్తే, దాని వెనక ఎంత చెయ్యి తిరిగిన పనివాడున్నాడో తెలుస్తుంది.

ఆ పనివాడి పేరు వీట్సె వెనెమా. నెదర్లాండ్స్ దేశస్థుడు. చదివింది భౌతికశాస్త్రం, డాక్టరేట్ గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో. ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రోజుల్లో టీసీపీ రాపర్ రాశాడు. 1995లో డాన్ ఫార్మర్‌తో కలిసి, నెట్‌వర్క్‌లోని కంతలను వెతికి చూపే సేటన్ అనే సాధనాన్ని విడుదల చేశాడు. తర్వాత అమెరికా వెళ్లి, ఐబీఎం వారి వాట్సన్ పరిశోధన కేంద్రంలో మెయిల్ సర్వర్ రాయడం మొదలుపెట్టాడు. మొదట దాని పేరు వీమెయిలర్. 1998 డిసెంబరులో ఐబీఎం సెక్యూర్ మెయిలర్‌గా లోకానికి పరిచయమైంది. చివరికి నిలిచిన పేరు పోస్ట్‌ఫిక్స్.

అప్పట్లో రాజ్యమేలుతున్నది ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్. శక్తిమంతమైనదే గానీ, పనంతా ఒకే పెద్ద ప్రోగ్రాములో, అదీ రూట్ అధికారంతో నడిచేది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్ దూరిన దారుల్లో సెండ్‌మెయిల్ డీబగ్ సదుపాయం ఒకటి. అదే పనిని వెనెమా చిన్న చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టాడు. బయటివాళ్లతో మాట్లాడేది ఎస్ఎమ్‌టీపీడీ. వచ్చిన మెయిల్‌ను సరిచేసేది క్లీనప్. క్యూ చూసుకునేది క్యూమేనేజర్. వీటన్నింటినీ లేపి, కనిపెట్టుకుని ఉండేది మాస్టర్. బయటి మాట వినే ఎస్ఎమ్‌టీపీడీ మామూలు వాడుకరిగా నడుస్తుంది, అవసరమైతే ఒక మూల డైరెక్టరీకి కట్టేసి కూడా నడపవచ్చు. మనం చూడబోయే పనితనమంతా ఆ ఎస్ఎమ్‌టీపీడీ లోనిదే.

ముందు సంభాషణ ఎలా సాగుతుందో తెలియాలి. జాన్ పోస్టెల్ 1982లో ఆర్ఎఫ్‌సీ 821గా రాసిన పద్ధతే కొద్ది మార్పులతో నేటికీ నడుస్తోంది. ఇప్పటి రూపం 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5321. వచ్చినవాడు ముందు హెలో అంటాడు. తర్వాత మెయిల్ ఫ్రం అంటూ పంపినవారి చిరునామా, ఆర్‌సీపీటీ టూ అంటూ అందుకోవలసినవారి చిరునామా చెబుతాడు. ఆ తర్వాతే డేటా, అంటే అసలు ఉత్తరం. మెయిల్ ఫ్రంలో చెప్పేది కవరు మీద రాసే 'ఫ్రం అడ్రస్' లాంటిది. మనం మెయిల్ తెరిచాక కనిపించే ఫ్రం వేరు, అది కవరు లోపలి కాగితం మీద ఉన్న పేరు. రెండూ ఒకటే కానక్కర్లేదు. బట్వాడా కుదరనప్పుడు ఉత్తరం తిరిగి వెళ్లేది కవరు మీది చిరునామాకే.

పంపినవారి డొమైన్ ఉందో లేదో చూడటానికి అసలు కారణం అక్కడే ఉంది. చాలామంది దీన్ని స్పామ్ ఆపే చిట్కాగానే చూస్తారు. అంతకంటే ముందు ఇది లెక్కకు సంబంధించిన విషయం. డేటా అంతా తీసుకుని 250, అంటే 'సరే', అనేశాక ఆ మెయిల్ బాధ్యత మన సర్వర్ నెత్తిన పడుతుంది. చేరవేయలేకపోతే పంపినవారికి కబురు చెయ్యాలి. ఆ పంపినవారి డొమైనే లేకపోతే ఆ కబురు ఎక్కడికీ పోదు. తిరుగు టపాకు కూడా తిరుగు టపా తయారై, పోస్ట్‌మాస్టర్ పెట్టెలో పేరుకుపోతుంది. కాబట్టి జవాబు ఇవ్వడానికి వీల్లేని మెయిల్‌ను గుమ్మంలోనే ఆపడం న్యాయం. తీసుకుని తర్వాత తిప్పి పంపుదామనుకునే సర్వర్లు ఇంకో పాపం కూడా చేస్తాయి: దొంగ మెయిల్‌లో ఎవరి పేరు వాడారో ఆ అమాయకుడి పెట్టెలోకి బౌన్సులు కుమ్మరిస్తాయి.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్ డాట్ సీఎఫ్‌లో ఇందుకు రాయవలసింది చాలా తక్కువ. ఎస్ఎమ్‌టీపీడీ_సెండర్_రిస్ట్రిక్షన్స్ అనే పేరు ఎదుట వరసగా మూడు మాటలు చాలు: పర్మిట్_మైనెట్‌వర్క్స్, రిజెక్ట్_నాన్_ఎఫ్‌క్యూడీఎన్_సెండర్, రిజెక్ట్_అన్‌నోన్_సెండర్_డొమైన్. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, ఏదో ఒకటి తీర్పు చెప్పగానే ఆ జాబితా వరకు ఆగిపోతుంది. సొంత నెట్‌వర్క్‌ను ముందు పెట్టడం మర్చిపోకూడదు. ఆఫీసు మూలనున్న స్కానరు, రాత్రిపూట క్రాన్ నడిపే యంత్రం తమ పేరును రూట్ ఎట్ లోకల్‌హోస్ట్ అనో, బయట ఎవరికీ తెలియని మరో పేరనో చెప్పుకుంటాయి. ఆ వరస తారుమారైతే మొదట ఆగిపోయేవి సర్వర్ డిస్క్ నిండిందని హెచ్చరించే మెయిళ్లే.

ఈ మూడింటిలో రెండో మాట సులువైనది. చిరునామాలో ఎట్ గుర్తు తర్వాత పూర్తి డొమైన్ పేరు లేకపోతే 504 అని చెప్పి పంపేస్తుంది. ఎవరినీ అడగనక్కర్లేదు, చిరునామా అక్షరాల్లోనే తప్పు కనిపిస్తోంది. అందుకే ఆ జవాబు శాశ్వతం. ఐదుతో మొదలయ్యే ప్రతి కోడ్ అర్థం అదే: ఇక రావద్దు. నాలుగుతో మొదలైతే: ఇప్పుడు కాదు, మళ్లీ రా.

మూడోది అలా కాదు. దానికి డీఎన్ఎస్‌ను అడగాలి. ఆ డొమైన్‌కు మెయిల్ తీసుకునే యంత్రం పేరు చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు ఉందా? లేకపోతే కనీసం యంత్రం చిరునామా ఉందా? ఏదో ఒకటి ఉంటే వదిలేస్తుంది. రెండూ లేకపోతే తిరస్కరిస్తుంది. సాదాసీదాగా రాసేవాడు ఇక్కడితో ఆపేస్తాడు. కానీ డీఎన్ఎస్ ఇచ్చే జవాబులు రెండు రకాలే కావు. 'అలాంటి డొమైన్ లేదు' అనేది ఒక జవాబు. 'నాకిప్పుడు తెలియడం లేదు' అనేది ఇంకొకటి: అవతలి నేమ్ సర్వర్ పడిపోయి ఉండవచ్చు, మధ్యలో లైను తెగి ఉండవచ్చు, మన తరఫున డీఎన్ఎస్‌ను అడిగిపెట్టే రిజాల్వరే మొరాయిస్తూ ఉండవచ్చు. ఈ రెంటినీ కలిపేస్తే మన రిజాల్వర్ పది నిమిషాలు పడుకున్న పూట లోకంలోని మెయిళ్లన్నీ తిరిగిపోతాయి.

పోస్ట్‌ఫిక్స్ ఈ రెంటినీ విడివిడిగా చూస్తుంది. తెలియని పరిస్థితిలో అది చేసే పనికి డిఫర్_ఇఫ్_పర్మిట్ అని పేరు. నాకు ఈ ప్రోగ్రాములో అన్నింటికన్నా నచ్చినది ఇదే. డీఎన్ఎస్ జవాబు రాలేదనుకోండి. సర్వర్ అక్కడికక్కడ ఏమీ తేల్చదు. మనసులో ఒక గుర్తు పెట్టుకుని మిగతా నిబంధనలన్నీ చదువుకుంటూ పోతుంది. తర్వాతి నిబంధన ఏదైనా ఆ మెయిల్‌ను నిక్కచ్చిగా కాదంటే, శాశ్వతంగానే తిప్పి పంపుతుంది. ఎలాగూ పనికిరాని మెయిల్‌ను మళ్లీ మళ్లీ రమ్మనడం ఇద్దరికీ దండగ. మిగతా నిబంధనలన్నీ సరే అన్నాయంటే మాత్రం, అప్పుడు ఆ గుర్తును బయటికి తీసి 'తర్వాత రా' అంటుంది. అంటే అనుమానం వల్ల మంచి మెయిల్ పోదు, అనుమానం పేరు చెప్పి చెడ్డ మెయిల్ లోపలికి రాదు. ఇన్ని సందర్భాలను ఒక్క చిన్న గుర్తుతో సర్దేయడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక డొమైన్ నిజంగానే లేదని తేలినప్పుడు కూడా పోస్ట్‌ఫిక్స్ మామూలుగా చెప్పేది 450 మాత్రమే. ఆ అంకె అన్‌నోన్_అడ్రస్_రిజెక్ట్_కోడ్‌లో ఉంటుంది, కావాలంటే 550 చేసుకోవచ్చు. చాలామంది చేసుకుంటారు కూడా. కానీ వెనెమా ఎంచుకున్న అంకెలో ఒక లెక్క ఉంది. డొమైన్ రెన్యువల్ చేయడం మర్చిపోయినవాళ్లు, జోన్ ఫైలులో ఒక చుక్క తప్పు పెట్టినవాళ్లు లోకంలో ఉంటూనే ఉంటారు. నిజమైన మెయిల్ సర్వర్ 450 విన్నాక తన క్యూలో పెట్టుకుని మళ్లీ వస్తుంది. పోస్ట్‌ఫిక్స్ తానే పంపేవైపు ఉంటే మామూలుగా ఐదు రోజులు ప్రయత్నిస్తుంది. ఈలోగా చుక్క సరిదిద్దుకుంటే ఉత్తరం చేరుతుంది, ఎవరికీ నష్టం లేదు. స్పామ్ పంపే బాట్లలో చాలావాటికి అంత ఓపిక ఉండదు.

తనకు తిరుగులేని సాక్ష్యం దొరికినప్పుడు మాత్రం పోస్ట్‌ఫిక్స్ మెత్తబడదు. 2015లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7505 ప్రకారం, మెయిల్‌తో అసలు సంబంధం లేని డొమైన్ యజమాని 'నల్ ఎమ్ఎక్స్' అనే రికార్డు పెట్టుకోవచ్చు: ఎమ్ఎక్స్ పేరుండాల్సిన చోట ఉత్త చుక్క. ఈ డొమైన్ మెయిల్ తీసుకోదు అని యజమాని స్వయంగా చేసిన ప్రకటన అది. అలాంటి డొమైన్ పేరుతో వచ్చినవాడికి పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి సూటిగా 550 చెబుతుంది.

డొమైన్ మనదే అయితే కథ మారుతుంది. రిజెక్ట్_అన్‌నోన్_సెండర్_డొమైన్ మన సొంత డొమైన్ల జోలికి పోదు. మన ఇంటి సంగతి డీఎన్ఎస్‌ను అడగడమేమిటి? అక్కడ పనిచేసేది మరొకటి, రిజెక్ట్_అన్‌లిస్టెడ్_సెండర్. బయటినుంచి ఎవరో మన డొమైన్ పేరు పెట్టుకుని, మన దగ్గర లేని మనిషినని చెప్పుకుంటే, సర్వర్ తన జాబితాలు చూసుకుని కాదంటుంది. ఇక్కడ జవాబు 550. ఎందుకంటే ఆ జాబితా మనదే, తప్పయితే తప్పు మనదే. పంపినవారందరికీ ఈ పరీక్ష పెట్టే ఎస్ఎమ్‌టీపీడీ_రిజెక్ట్_అన్‌లిస్టెడ్_సెండర్ అనే మీట 2004 నాటి 2.1 విడుదలతో వచ్చింది. ఆ కాలం గుర్తున్నవాళ్లకు అవసరం వెంటనే అర్థమవుతుంది. 2003 ఆగస్టులో సోబిగ్-ఎఫ్, 2004 జనవరిలో మైడూమ్ పంపినవారి పేర్లు దొంగతనం చేసి మెయిల్ పెట్టెలను ముంచెత్తాయి. మైడూమ్ అయితే డొమైన్ ఒకరిది తీసుకుని, ముందు పేరు తానే కల్పించేది.

ఈ మీటను పోస్ట్‌ఫిక్స్ ముందుగానే వేసి ఇవ్వదు. అది కూడా మంచిదే. మన సొంత అప్లికేషన్లు నోరిప్లై అనో బిల్లింగ్ అనో పేరు పెట్టుకుని పంపుతుంటాయి, ఆ పేరుతో పెట్టె మాత్రం ఉండదు. మీట వేసిన మర్నాడు కస్టమర్లకు రసీదులు ఆగిపోతాయి. ముందు అలాంటి పేర్లన్నీ ఏరి అలియాస్ జాబితాలో చేర్చి, ఆ తర్వాత వేసుకోవాలి.

పరాయి డొమైన్‌లో ఆ మనిషి ఉన్నాడో లేడో కూడా అడిగి తెలుసుకోవచ్చు. రిజెక్ట్_అన్‌వెరిఫైడ్_సెండర్ పని అది. మెయిల్ ఫ్రంలో ఉన్న చిరునామాకు పోస్ట్‌ఫిక్స్ తానే ఒక ఉత్తుత్తి మెయిల్ పంపబోతుంది. అవతలి సర్వర్‌తో ఆర్‌సీపీటీ టూ వరకు మాట్లాడి, జవాబు విని, డేటా దాకా పోకుండా సెలవు తీసుకుంటుంది. ఉంది అన్న జవాబును 31 రోజులు, లేదు అన్న జవాబును మూడు రోజులు గుర్తుంచుకుంటుంది. లేదన్నదాన్ని మూడు గంటలు దాటాక మళ్లీ అడిగి చూస్తుంది, ఉందన్నదాన్ని వారం దాటాకే అడుగుతుంది. మంచి మాటను ఎక్కువ కాలం నమ్మి, చెడ్డ మాటను త్వరగా తిరగతోడే ఈ అంకెల ఎంపికను గమనించండి. అవతలి సర్వర్ కూడా మనలాగే పరీక్ష పెట్టేదైతే, ఇద్దరూ ఒకరినొకరు అడుగుతూ కూర్చోరా అనే అనుమానం రావచ్చు. అలా జరగకుండా ఆ ఉత్తుత్తి మెయిల్‌కు పంపినవారిగా డబుల్-బౌన్స్ అనే ప్రత్యేకమైన చిరునామా వాడతారు. దానికి వచ్చిన మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ చడీచప్పుడూ లేకుండా పారేస్తుంది. ఇక్కడా మామూలు తిరస్కారం 450.

అయితే ఈ పరీక్షను అందరికీ పెట్టడం తగదని నా అభిప్రాయం. దొంగ మెయిల్ పుణ్యమా అని సంబంధం లేని సర్వర్ల తలుపు తట్టినట్టవుతుంది, తట్టినందుకు మన పేరే బ్లాక్‌లిస్టులోకి ఎక్కవచ్చు. పోస్ట్‌ఫిక్స్ పత్రాలు కూడా ఈ ఇబ్బందిని దాచవు. తరచూ దొంగతనానికి గురయ్యే కొన్ని డొమైన్లకు మాత్రమే ఈ పరీక్ష పెట్టే దారిని ఉదాహరణతో సహా చూపిస్తాయి.

ఒక పరీక్ష ఎంత పకడ్బందీగా రాసినా, అది ఆధారపడిన నేల కదిలితే ఏమవుతుంది? 2003 సెప్టెంబరు 15న అలాగే జరిగింది. డాట్ కామ్, డాట్ నెట్‌ల రిజిస్ట్రీ నడిపే వెరిసైన్ సంస్థ, సైట్ ఫైండర్ పేరుతో ఆ రెంటి కింద లేని డొమైన్లన్నింటికీ తన సొంత యంత్రం చిరునామా జవాబుగా ఇవ్వడం మొదలుపెట్టింది. తప్పు పేరు కొట్టినవాళ్లు తన పేజీకి రావాలని ఆశ. మెయిల్ సర్వర్ల వైపు నుంచి చూస్తే ఒక్క పూటలో డాట్ కామ్ కింద 'లేని డొమైన్' అనేదే లేకుండా పోయింది. పంపినవారి డొమైన్ పరీక్ష అక్కడ చెల్లని కాసు అయింది. డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ గట్టిగా చెప్పాక అక్టోబరు 4న దాన్ని ఆపేశారు. పోస్ట్‌ఫిక్స్ మాత్రం ఆ పాఠాన్ని కోడ్‌లో దాచుకుంది. చెక్_సెండర్_ఎమ్ఎక్స్_యాక్సెస్ అనే కొత్త నిబంధన వచ్చింది. పంపినవారి డొమైన్ ఉందా అన్నదాంతో ఆగకుండా, దాని మెయిల్ తీసుకునే యంత్రం ఏదో కనుక్కుని, ఆ యంత్రం మన నిషేధ జాబితాలో ఉంటే కాదంటుంది. తన ఎమ్ఎక్స్ 127.0.0.1 అని చెప్పుకునే తెలివైనవాళ్లను పట్టుకోవడానికి ఇప్పటికీ పనికొస్తోంది.

చిన్న చిన్న జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. పంపినవారి చిరునామా తప్పని మెయిల్ ఫ్రం దగ్గరే తెలిసినా, పోస్ట్‌ఫిక్స్ ఆర్‌సీపీటీ టూ దాకా వినిగానీ కాదనదు. ముందే కాదంటే కొన్ని క్లయింట్లు తికమకపడతాయి. పైగా ఎవరికి రావలసిన మెయిల్ ఆగిందో లాగ్‌లో నమోదు కాదు. 'నా మెయిల్ రాలేదండీ' అని పై అధికారి ఫోన్ చేసినప్పుడు ఆ ఒక్క వివరమే అడ్మిన్‌ను కాపాడుతుంది. పంపినవారి చోటు ఖాళీగా ఉన్న మెయిళ్లను ఈ పరీక్షలు ముట్టుకోవు, ఎందుకంటే అవి బౌన్సులు; వాటిని ఆపితే వ్యవస్థే గాడి తప్పుతుంది. 2013 నాటి 2.10 విడుదలలో రిలే అనుమతుల జాబితాను స్పామ్ నిబంధనల నుంచి వేరు చేశారు. అంతకుముందు పంపినవారి జాబితాలో తెలిసిన డొమైన్‌కు ఓకే అని రాసి, దాన్ని తప్పు చోట పెడితే సర్వర్ ఊరందరికీ ఓపెన్ రిలే అయిపోయేది. పంపినవారి పేరును ఎవరైనా కల్పించవచ్చు కదా. ఆ పొరపాటుకు ఇప్పుడు రెండో గొళ్లెం ఉంది.

సోర్స్ కోడ్ తెరిచినవాళ్లకు ఇదే స్వభావం కనిపిస్తుంది. ప్రతి ఫైలు తలమీద మాన్యువల్ పేజీ తీరులో ఒక వ్యాఖ్య: పేరు, వాడే విధం, వివరణ, రచయిత. చాలా ఫైళ్లలో 'బగ్స్' అనే శీర్షిక కింద ఆ ఫైలు లోపాలు కూడా రాసి ఉంటాయి. ఈ నిబంధనలన్నీ ఉండేది ఎస్ఎమ్‌టీపీడీ_చెక్ డాట్ సీ అనే ఫైలులో. వేల వరసల ఫైలు, అయినా ఒక ఫంక్షన్ ఒక ప్రశ్నే అడుగుతుంది.

తెలుగువాళ్లకు దీనితో ఒక సూటి సంబంధం కూడా ఉంది. మన లిపిలో డాట్ భారత్ అనే డొమైన్ కొస ఉంది. 3.0 నుంచి పోస్ట్‌ఫిక్స్‌కు ఎస్ఎమ్‌టీపీ-యూటీఎఫ్8 తెలుసు. ఆ సదుపాయంతో కట్టిన సర్వర్‌కు తెలుగు లిపి చిరునామాతో మెయిల్ వస్తే, డొమైన్ భాగాన్ని డీఎన్ఎస్‌కు అర్థమయ్యే ఆస్కీ రూపంలోకి మార్చి అదే పరీక్ష పెడుతుంది. ఎట్ గుర్తుకు ఏ పక్కన తెలుగున్నా, ఆ ఒక్క కారణంతో కాదనదు.

ఈ పరీక్షకు హద్దు ఉంది. డొమైన్ ఉందని చెప్పగలదు గానీ, వచ్చినవాడు ఆ డొమైన్ మనిషేనని చెప్పలేదు. ఇవాళ్టి మోసగాళ్లు ఉన్న డొమైన్లే వాడుతున్నారు, కొని మరీ. వచ్చినవాడు ఆ డొమైన్ మనిషేనా అని తేల్చే పని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లది. అవి వచ్చినా ఈ చిన్న పరీక్ష అక్కర్లేకుండా పోలేదు. ఒకటి రెండు డీఎన్ఎస్ ప్రశ్నల ఖర్చుతో, ఉత్తరం లోపలికి రాకముందే, జవాబు ఇవ్వలేని మెయిళ్లను ఆపేస్తోంది.

మీ చేతిలో పోస్ట్‌ఫిక్స్ సర్వర్ ఉంటే పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ కొట్టి, పంపినవారి నిబంధనల వరస ఎలా ఉందో చూడండి. కొత్తగా చేరుస్తుంటే ఆ మాట ముందు వార్న్_ఇఫ్_రిజెక్ట్ అని పెట్టండి. అది ఎవరినీ ఆపకుండా, ఎవరిని ఆపేదో లాగ్‌లో రాసి పెడుతుంది. కొన్నాళ్లు ఆ లాగ్ చదివాక హెచ్చరిక తీసేయండి. 450ని 550 చేయాలనిపిస్తే, మీ రిజాల్వర్ మీద, ఇతరుల జోన్ ఫైళ్ల మీద మీకు ఎంత నమ్మకముందో చూసుకుని చేయండి. నేనైతే 450 దగ్గరే ఉంచుతాను.